కొయ్య యిల్లు: ఆయువు, వెల

ఓరుగల్లు అనగానే మన మనస్సునకు తోచునది రాయి. ఆ పేరునకు అర్థమే ఒంటి రాయి. సంస్కృతమున దీనిని ఏకశిలానగరమనిరి. కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండలో కట్టించిన వేయి స్తంభముల గుడి రాతితో కట్టినది. పాలంపేటలోని రామప్పగుడి రాతితో కట్టినది. 1213 నాటి శాసనము గల ఆ గుడి 2021లో ప్రపంచ వారసత్వ కట్టడముల పట్టికలో చేరినది. కోటలోని తోరణములును రాతివే. అయితే ఆ రాళ్ళను చెక్కిన శిల్పులు, ఆ కోటను కాచిన భటులు, ఆ నగరమున బట్టలు నేసిన సాలెలు ఎట్టి ఇండ్లలో నివసించిరి? దేవునికి రాతి ఇల్లు కట్టిన మానవుడు తనకు మాత్రము మట్టితోను, కొయ్యతోను ఇల్లు కట్టుకొనెను. ఆ ఇండ్లు నేడు కానరావు. ఇది చూచి, "రాయి నిలుచును, కొయ్య నశించును" అని పలువురు తలంతురు. ఈ తలంపు సగము మాత్రమే నిజము.

వరంగల్లు, హనుమకొండ పాత వీధులలోను, చుట్టుపట్ల పల్లెలలోను తాతముత్తాతల నాటి టేకు ఇండ్లు కొన్ని ఇంకను నిలిచి యున్నవి. తెలంగాణమున వీనిని భవంతి ఇండ్లనియు, కోస్తా జిల్లాలలో మండువా లోగిళ్ళనియు అందురు. ఇంటి నడుమ ఆకాశమునకు తెరచిన చదరపు వాకిలి ఉండును. దాని చుట్టును కొయ్య స్తంభములు వరుసగా నిలుచును. ఆ స్తంభములపై దూలములు, దూలములపై వాసములు, వాసములపై గూన పెంకులు ఉండును. నాలుగు వైపుల కప్పు లోపలికి వాలి, వాన నీటిని నడిమి వాకిట పోయును. ఆ నీరు తూము గుండ వెలుపలికి పోవును. గోడలు చాలవఱకు మట్టివే. కాని ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. ఆ నడిమి వాకిలి చుట్టును కప్పు బరువును మోయునది గోడ కాదు, కొయ్య. మనిషి దేహమునకు ఎముకల గూడు ఎట్టిదో, అట్టి ఇంటికి కొయ్య చట్రము అట్టిది.

ఓరుగల్లు సీమలో కొయ్యకు ఏనాడును కొఱత లేకుండెను. తూర్పున ములుగు, ఏటూరునాగారముల మీదుగా గోదావరి వఱకు అడవి వ్యాపించి యున్నది. టేకు, నల్లమద్ది, జిట్రేగి, వెదురు అందు పెరుగును. ఏటూరునాగారము అడవిని వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ సీమ 2019లో ఏర్పడిన ములుగు జిల్లాలో నున్నది. పూర్వము ఆ అడవుల కొయ్య బండ్లపై పల్లెలకు వచ్చెడిది. వడ్రంగి దానిని బాడిసతో చెక్కి, చిత్రికతో నునుపు చేసి, ఉలితో తొలిచి ఇల్లు నిలిపెడివాడు.

కొయ్య ఎంత కాలము నిలుచును? మహారాష్ట్రమున లోనావాలా సమీపములో కార్లా గుహ కలదు. కొండను తొలిచి చేసిన ఆ చైత్యశాల కప్పునకు కొయ్య వాసములను అమర్చిరి. దాదాపు రెండువేల సంవత్సరములు గడచినను అవి నేటికిని ఉన్నవి. జపాను దేశమున నారా సమీపములోని హోర్యూజీ ఆలయము ఏడవ శతాబ్దమున ఏర్పడినది; ప్రపంచమున నిలిచియున్న కొయ్య కట్టడములలో మిక్కిలి పురాతనములైనవి అచ్చట కలవు. ఇంగ్లండులోని హార్టిల్‌పూలు రేవులో ట్రింకోమలీ అను యుద్ధనౌక నేటికిని నీటిపై తేలుచున్నది. అది 1817లో మన బొంబాయి ఓడల కర్మాగారమున టేకు కొయ్యతో నిర్మితమైనది. కొండ గుహలోని కొయ్య, చలిదేశపు కొయ్య, ఉప్పునీటిలోని కొయ్య శతాబ్దములు నిలువగా, కొందఱి ఇండ్లలోని కొయ్య పది సంవత్సరములకే పుచ్చిపోవుటకు కారణమేమి?

కొయ్యకు శత్రువులు మూడు: నీరు, పురుగు, నిప్పు. ఈ మూటిలో మొదటిదే అన్నిటికిని మూలము.

కొయ్య తడిసినంత మాత్రమున చెడదు. తడిసి ఆరకుండుటచేత చెడును. కొయ్యలోని తేమ దాని బరువులో 20 శాతమునకు మించి చాలకాలము నిలిచినచో బూజు జాతి శిలీంధ్రములు పుట్టి దానిని తినివేయును. అంతకు తక్కువ తేమ గల కొయ్యపై అవి బ్రతుకజాలవు. చెద పురుగునకును తేమ కావలెను. అది నేలలో పుట్ట చేసికొని నివసించును. ఎండ గాలి సోకిన ఎండిపోవును కనుక, మట్టితో గొట్టము వంటి దారిని కట్టుకొని, ఆ చాటున గోడ వెంట, స్తంభము వెంట పైకి ప్రాకును. కావున కొయ్య నేలను తాకనిచోట, గాలి ఆడుచోట, చెద త్రోవ మనకంట పడుచోట దానికి జయము లేదు.

మన పూర్వులు ఈ శాస్త్రమును గ్రంథములలో చదువలేదు; ఇంటిలో అమర్చిరి. భవంతి ఇంటి స్తంభమును పరికించినచో, అది నేలలో పాతినది కాదని తెలియును. దాని క్రింద రాతి దిమ్మ ఉండును. నేల తేమ రాతిని దాటి కొయ్యను చేరలేదు. చూరు గోడను దాటి ముందునకు వంగి యుండును. అందుచేత జడివానయైనను గోడ మొదలును, ద్వారబంధమును తడుపదు. గూన పెంకుల సందులగుండ గాలి ఆడును; వానలో తడిసిన వాసము మఱునాటి ఎండకు ఆరిపోవును. వానాకాలమునకు ముందు ఏటేట పెంకులను సవరించి, పగిలినవానిని తీసి క్రొత్తవి వేయుట గృహస్థుని విధి. ఇక ఇంటి గడప మాట. నేలకు మిక్కిలి చేరువనున్న కొయ్య అది. చెద మొదట సోకునది దానినే. ఆ గడపను ఇల్లాలు వారము వారము కడిగి పసుపు పూయును. అది భక్తితో చేయు పనియే. అయినను, వారము వారము చేతితో తడవి చూచు కొయ్యపై చెద మట్టి మొలచినచో ఆమెకు తెలియకుండునా? ఆ ఆచారము వలన ఇంటికొక కావలి ఏర్పడినది.

అన్ని కొయ్యలును ఒక్కటి కావు. చెట్టు మాను నడిమి భాగము ముదిరి రంగు తేరును. దానిని చేవ అందురు. దాని చుట్టును తెల్లని లేత చెక్క ఉండును. చెట్టు బ్రతికియున్నపుడు నీరు ప్రాకునది ఆ తెల్ల చెక్కలోనే. పురుగునకు ఇష్టమైన ఆహారము కూడ అదియే. టేకు చేవలో సహజమైన తైలపదార్థములు ఉండుటచే పురుగు దాని జోలికి పోదు. ధైర్యస్థుని "చేవ గలవాడు" అని మన భాషలో మెచ్చుకొనుట ఈ కొయ్యను చూచియే. దేహరాదూనులోని అటవీ పరిశోధనాలయము 1906లో స్థాపింపబడినది. అచ్చటి శాస్త్రజ్ఞులు ఆయా జాతుల చేవ ముక్కలను నేలలో సగము పాతి, ఎండకు, వానకు, చెదలకు విడిచి, ఎన్ని నెలలకు చెడునో పరీక్షించిరి. 120 నెలలు, అంతకు మించి నిలిచిన వానిని మొదటి తరగతిగాను, 60 మొదలు 120 నెలల లోపు నిలిచినవానిని రెండవ తరగతిగాను, 60 నెలలు నిలువనివానిని మూడవ తరగతిగాను ఏర్పఱచిరి. టేకు మొదటి తరగతిది. మామిడి, బూరుగు మూడవ తరగతివి. ఇది నేలలో పాతిన కొయ్య లెక్క యని మఱవరాదు. పొడి నేలపై, రాతి దిమ్మపై, కప్పు క్రింద నిలిచిన టేకు పదేండ్లు కాదు, పది పుష్కరములు నిలుచుటలో వింత లేదు.

ఇక నిప్పు. కొయ్య మండుననుట నిజము. కాని సన్నని పుల్ల మండునట్లు లావైన దూలము మండదు. దూలము పై పొర కాలి బొగ్గగును. ఆ బొగ్గు లోపలి కొయ్యకు కవచమై, వేడిని త్వరగా లోనికి పోనీయదు. నిమిషమునకు ఒక మిల్లీమీటరు కంటె తక్కువగా మాత్రమే అది లోనికి కాలును. ఉక్కు మండదు గాని, 600 డిగ్రీల వేడికి తన బలములో సగమును కోల్పోయి వంగిపోవును. కావున లావైన కొయ్యతో కట్టిన ఇంటిలో నిప్పు పుట్టినను, ఇంటివారు బయటపడుటకు కొంత వ్యవధి దొరకును. సన్నని కొయ్యకును, గడ్డి కప్పునకును ఈ మాట వర్తింపదు.

ఈ ఇండ్లలోని మఱియొక విశేషము అతుకు. వడ్రంగి ఒక కొయ్య కొనను సన్నగా చెక్కి, మఱొక కొయ్యలో తొలిచిన రంధ్రమున దూర్చును. చెక్కిన ఆ కొనను కుసి అందురు. రెంటిని కలిపి అడ్డముగా కొయ్య మేకు దిగగొట్టును. అవసరమైనపుడు ఆ మేకును ఊడదీసిన, స్తంభము, దూలము, వాసము వేనికవి విడివడును. సిమెంటు ఇంటిని పడగొట్టిన మిగులునది చాలవఱకు రాళ్ళ కుప్ప. కొయ్య ఇంటిని విప్పిన మిగులునది మఱొక ఇల్లు. చెన్నపట్టణమునకు సమీపమున ముట్టుకాడులోని దక్షిణచిత్ర అను ప్రదర్శనశాల 1996లో ప్రారంభమైనది. దక్షిణాది పాత ఇండ్లను కొన్నిటిని ఉన్నచోట విప్పి తెచ్చి, అచ్చట తిరిగి నిలిపిరి. లండను నగరమున లిబర్టీ అను ప్రసిద్ధ వస్త్రశాల భవనమును 1924లో రెండు పాత యుద్ధనౌకల కొయ్యతో కట్టిరి. ఓడగా ఒక జన్మ, భవనముగా మఱొక జన్మ ఆ కొయ్యకు లభించినవి. మన వేయి స్తంభముల గుడి కల్యాణమండపము రాతిదైనను ఈ సూత్రమునకు ఉదాహరణమే. శిథిలమైన ఆ మండపమును 2006లో విప్పి, రాళ్ళను తిరిగి పేర్చి, 2024లో ప్రజలకు తెరచిరి. విప్పుటకు వీలుగా కట్టినదే మరల కట్టుటకు వీలగును.

ఇంతవఱకు ఆయువు సంగతి. ఇక వెల. ఎక్కువ కాలము నిలుచు ఇంటికి ఎక్కువ వెల రావలెను గదా యని తోచును. లోకము అట్లు నడువదు. వేయేండ్లు దాటిన కొయ్య ఆలయములు గల జపానులోనే, సాధారణమైన కొయ్య ఇంటి ఆయువును పన్నుల లెక్కకు 22 సంవత్సరములుగా గణింతురు. ఆ వయస్సు దాటిన ఇంటికి అంగడిలో విలువ మిక్కిలి తగ్గును. కొన్నవాడు తరచుగా దానిని పడగొట్టి క్రొత్తది కట్టుకొనును. అచ్చటి వడ్రంగుల నేర్పు తగ్గినదా? లేదు. కొయ్య చేవ తగ్గినదా? లేదు. పాత ఇంటిపై కొనువాని నమ్మకము తగ్గినది. ఆయువు కొయ్యలోను, శ్రద్ధలోను ఉన్నది. వెల నమ్మకములో ఉన్నది. ఈ రెంటికిని గల సంబంధమును తెలిసికొనుటకు ఒక ఉదాహరణము నూహింతము.

వరంగల్లు సమీపమున ఒక పల్లెలో ఇద్దఱు అన్నదమ్ములకు తాతనాటి భవంతి ఇల్లు ఉన్నదనుకొందము. పంపకములలో తూర్పు పాలు అన్నకు, పడమటి పాలు తమ్మునికి వచ్చినది. తమ్ముడు ఉద్యోగమునకై పట్టణము చేరి, తన పాలునకు తాళము వేసెను. అన్న తన పాలులో కాపురముండి ఏటేట పెంకులు సవరించుకొనుచుండెను. కొన్ని ఏండ్లకు పడమటి కప్పు మూలలో ఒక పెంకు పగిలినది. అన్న దానిని చూచెను. "అది తమ్ముని పాలు గదా" అని ఊరకుండెను. వాన నీరు ఆ సందు నుండి చుక్క చుక్కగా దిగి, గోడను నానబెట్టి, స్తంభముల మొదళ్ళ చెంత నిలిచెను. మూసిన తలుపుల చాటున గాలి లేదు, వెలుగు లేదు. చెద త్రోవ కట్టెను. చూచువారు లేరు.

పది సంవత్సరములు గడచెను. తమ్ముని కుమార్తె పెద్ద చదువునకు డబ్బు కావలసి వచ్చెను. తన పాలు అమ్ముదమని అతడు పాత కొయ్య వర్తకుని పిలిపించెను. వర్తకుడు స్తంభములను వ్రేళ్ళతో తట్టి, మొదట ఉలి మొన గ్రుచ్చి చూచి, తమ్ముడు తలచినదానిలో సగము ధర చెప్పెను. "టేకు స్తంభములకు ఇదా వెల!" అని తమ్ముడు ఆశ్చర్యపడెను. వర్తకుని లెక్కలో మోసము లేదు. ఆ లెక్క పాఠశాల విద్యార్థులు కూడ చేయగలిగినదే.

కొయ్యను ఘనపుటడుగుల లెక్కన అమ్ముదురు. స్తంభము 8 అంగుళముల వెడల్పు, 8 అంగుళముల మందము, 9 అడుగుల పొడవు గలదనుకొందము. ఎనిమిదిని ఎనిమిదితో హెచ్చించిన 64. అడుగునకు 12 అంగుళములు గనుక, చదరపుటడుగునకు 144 చదరపుటంగుళములు. 64ను 144 చేత భాగించి 9 చేత హెచ్చించిన 4 ఘనపుటడుగులు వచ్చును. చెద నాలుగు ప్రక్కల ఒక్కొక్క అంగుళము తినినది. దానిని చెక్కివేయగా మిగిలినది 6 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల మందము. మొదట ఒక్క అడుగు పుచ్చినది. దానిని కోసివేయగా మిగిలినది 8 అడుగుల పొడవు. 36ను 144 చేత భాగించి 8 చేత హెచ్చించిన 2 ఘనపుటడుగులు మాత్రమే. చుట్టు ఒక్క అంగుళము, మొదట ఒక్క అడుగు పోయినందుకు సగము కొయ్య పోయినది. పగిలిన పెంకు వెల ఎంత? పోయిన టేకు వెల ఎంత?

వర్తకుడు అంతటితో ఆగలేదు. నడి దూలమును చూపి, "దీని పడమటి కొన కూడ చెడినది. ఈ దూలము మీ ఇద్దఱి పాళ్ళకును ఒక్కటే. పడమటి స్తంభములు తీసినచో తూర్పు కప్పు నిలువదు" అనెను. అన్న ముఖము వెలవెలపోయెను. కాగితముపై ఇల్లు రెండైనది గాని, కొయ్య ఆ పంపకము నెఱుగదు. తమ్ముని పాలునకు వచ్చిన చెద దూలము వెంట అన్న పాలునకును బయలుదేరినది. అన్న తలవంచి, "తమ్ముడా, ఆ పెంకు పగిలిననాడే నేను చూచితిని. నాది కాదని విడిచితిని" అనెను. తమ్ముడు, "తాళము వేసి పదేండ్లు తిరిగి చూడనిది నేను గదా అన్నా!" అనెను.

అప్పుడు ఊరి ముసలి వడ్రంగి ముందునకు వచ్చి, "అయ్యా, అమ్మినచో ఈ స్తంభము సగము కొయ్య. నిలిపినచో నిండు స్తంభమే" అనెను. ఆ మాట లోని నేర్పును గ్రహింపవలెను. పుచ్చిన అడుగు మేర కోసివేసి, దాని స్థానమున అడుగు ఎత్తు రాతి దిమ్మను ఎత్తి నిలిపిన, స్తంభము మునుపటి ఎత్తునకు వచ్చును. తెల్ల చెక్క పోయి చేవ మిగిలిన 6 అంగుళముల టేకు పెంకుల కప్పును మోయగలదు. దూలము కొన చెడినచోట మంచి టేకు ముక్కను అతికింపవచ్చును. హోర్యూజీ వంటి ఆలయములను బాగుచేయు పద్ధతియు ఇదియే. చెడిన మేరకు కోసి, అంత మేరకే క్రొత్త కొయ్య అతుకుదురు. విడి కొయ్యగా సగము ధర పలికిన స్తంభము, తన చోట తాను నిలిచి యున్నపుడు పూర్తి పని చేయును. బాగుచేసిన పిమ్మట అన్న తమ్ముని పాలును ఇంటి వెలకే కొనెను, కొయ్య వెలకు కాదు. ఆ డబ్బుతో తమ్ముని కుమార్తె చదువు సాగెను.

ఇది ఊహించిన కథయే యైనను, ఇట్టి ఇండ్లు పెక్కు గలవు. వారసులు పలువురగుట, పట్టణములకు పోవుట, పెంకులు సవరించు పనివారు అరుదగుట, ఇంటికంటె ఇంటిక్రింది నేలకు ధర పెరుగుట - ఇవి పాత ఇండ్లు విప్పుడగుటకు కారణములు. విప్పిన ద్వారబంధములు, చెక్కడపు స్తంభములు నగరములలోని క్రొత్త మేడలకును, అతిథిగృహములకును పోవుచున్నవి. ముదిరిన చేవ గల పాత టేకునకు గిరాకి యుండుటకు కారణము కలదు. నేడు అంగడికి వచ్చు టేకులో కొంత త్వరగా పెంచి, చిన్న వయస్సుననే నరికిన చెట్లది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండములనుండి కూడ టేకు దిగుమతి యగుచున్నది. లేత చెట్టున చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. అడవిలో నూరేండ్లు పెరిగిన చెట్టు కొయ్యకు సాటి తేలికగా దొరకదు. కావున పాత ఇంటిని విప్పదలచినవాడు, విప్పకముందే ఒక్కసారి అది నిలిచి యుండగా ఎంత విలువ చేయునో తెలిసినవారి నడిగి తెలిసికొనుట మంచిది.

క్రొత్తగా కొయ్య ఇల్లు కట్టువారి సంగతి యేమి? ప్రపంచమున నేడు కొయ్యకు తిరిగి ఆదరణ వచ్చినది. అమెరికా, కెనడా దేశములలో విడి ఇండ్లు పెక్కు సన్నని కొయ్య చట్రముపై కట్టినవే. పలుచని పలకలను ఒకదానిపై ఒకటి అడ్డముగను నిలువుగను పేర్చి, జిగురుతో బిగించి, గోడలంతటి దిమ్మలుగా చేయు విధానము వచ్చినది. ఇట్లు అతికిన కొయ్య దూలములతోను, పలకలతోను నార్వే దేశమున బ్రుముండాల్ పట్టణములో 2019లో 18 అంతస్తుల భవనము లేచినది. దాని ఎత్తు 85.4 మీటర్లు. మన దేశమున కేంద్ర ప్రజాపనుల శాఖ అడవుల రక్షణకై 1993లో తన కట్టడములలో కొయ్య వాడకమును నిషేధించి, 2020లో ఆ నిషేధమును తొలగించినది. చెట్టు పెరుగునపుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, అందలి కర్బనమును తన మానులో దాచుకొనును. కొయ్య ఇల్లు నిలిచియున్నంత కాలము ఆ కర్బనము అందే బద్ధమై యుండును. నరికిన చెట్టునకు బదులు చెట్టు నాటినపుడే ఈ లాభము నిజమగును.

ఐనను క్రొత్త కొయ్య ఇంటికిని పాత ధర్మములే వర్తించును. ఓరుగల్లు సీమలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. తరువాత నాలుగు నెలలు వానలు. కొయ్య ఎండలో కుదించుకొనును, వానలో ఉబ్బును. పచ్చి కొయ్యతో కట్టిన తలుపు వానాకాలమున పట్టివేయుటయు, వేసవిలో బీటలిచ్చుటయు అందఱెఱిగినదే. కావున కొయ్యను ముందుగా ఆరబెట్టి, తేమను 12 శాతము ప్రాంతమునకు తేవలెను. చేవ తక్కువైన కొయ్యకు పురుగు మందును పైపైన పూసిన చాలదు. ఒత్తిడితో లోనికి ఎక్కింపవలెను. ఇనుప మేకులు, రంగులు, నిగనిగలు ఇంటికి అందమిచ్చును గాని ఆయువునీయవు. కొయ్య నేలను తాకుచున్నదా? చూరు చాలినంత ముందునకు వచ్చినదా? గోడ లోపలి కొయ్యకు గాలి ఆడుచున్నదా? చెద త్రోవ కనబడునట్లున్నదా? ఒక ముక్క చెడినచో దానినొక్కదానినే మార్ప వీలగునా? ఊరిలో ఆ పని తెలిసిన వడ్రంగి కలడా? ఈ ఆరు ప్రశ్నలకు మంచి సమాధానములున్న ఇల్లు క్రొత్తదైనను పాతదైనను నిలుచును.

అమ్మకపు వెలను నిలుపునవియు ఈ సమాధానములే. కొనువాడు గోడ లోపల చూడలేడు. చూడలేని దానిని అనుమానించును. అనుమానమునకు వెల తగ్గించును. ఏ కొయ్య వాడితిమి, ఎచ్చట కొంటిమి, ఏ మందు ఎప్పుడు ఎక్కించితిమి, ఏ ఏట ఏమి బాగుచేయించితిమి అని వ్రాసియుంచిన పత్రములు గల గృహస్థుడు కొనువాని అనుమానమును తీర్చగలడు. అట్టి ఇంటికి న్యాయమైన ధర వచ్చుటకు వీలగును. నోటి మాట తప్ప వేఱు ఆధారము లేనివాడు టేకు ఇంటిని కూడ మామిడి ఇంటి వెలకు అమ్ముకొనవలసి వచ్చును.

రాతి గుడి శతాబ్దములు ఎవరు చూడకున్నను కొంత నిలుచును. కొయ్య ఇల్లు అట్లు నిలువదు. అది తనలో నివసించువారి నుండి ఏటేట కొంత శ్రద్ధ కోరును: ఒక పెంకు, ఒక చుక్క నూనె, ఒక చూపు. ఆ కొంచెము ఇచ్చిన తరమునకు అది నీడనిచ్చి, తరువాతి తరమునకు ఆస్తియై నిలుచును. ఈయని తరము దానిని కొయ్యగా అమ్ముకొనును. తాతలు మనకు వదలిపోయినది చేవ. దానిని నిలుపుకొనుటకు కావలసిన కాపుదల మాత్రము ఎవరికి వారే సమకూర్చుకొనవలెను.